పేరు చెప్పని నకలు

నా భార్యను తుఫాను చంపలేదు. కంపెనీ దగ్గర ఆమె నకలు ఉండడం చంపింది. నకలు లేని రోజుల్లో మా తీరానికి రెండు తుఫాన్లు వచ్చాయి. రెండుసార్లూ ముందు రోజు మధ్యాహ్నానికే ఆమెను బస్సెక్కించి పంపేశారు. నకలు తీశాక వచ్చిన మొదటి తుఫానుకు ఆమెను షెడ్డులో ఉంచారు. ఇందులో తేల్చాల్సింది ఏమీ లేదు. కంపెనీ వకీలు వేరే ఏదో తేల్చాడు. అది అతని ఉద్యోగం.

నేను పదో తరగతి వరకు మా ఊరి బడిలో చదివాను. విజయనగరం జిల్లా తీరంలో ఒక రొయ్యపిల్లల హేచరీలో ఇరవై ఒక్క ఏళ్లు జనరేటర్లు చూశాను. గాలి ఆగిపోతే ట్యాంకులో రొయ్యపిల్ల ఎంతోసేపు బతకదు. కరెంటు పోయిన పది సెకన్లలో నా యంత్రం లేవాలి. అందుకని ప్రతి శుక్రవారం, కరెంటు ఉండగానే, మెయిన్ దించేసి అరగంటసేపు మొత్తం హేచరీని జనరేటర్ మీద నడిపేవాణ్ణి. అలా నడిపి చూడకపోతే అది జనరేటర్ కాదు, పెయింటు వేసిన ఇనుము. ఈ మాట నకలు తీసినవాళ్లకీ చెప్పాను. నవ్వారు.

నా పేరు మొత్తం కలిపి ఇక్కడ రాయను. ఎందుకో చివరికి తెలుస్తుంది. హేచరీలో అందరూ నాయుడూ అనేవారు. దాని ముందు తవుడు ఉంది. మా అమ్మకు నాకన్నా ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. అందుకని నన్ను పుట్టగానే పక్కింటావిడ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కున్నారు. ఆ తవుడే పేరయింది. మా వైపు ఇలాంటి పేర్లవాళ్లు చాలామంది ఉంటారు.

నా భార్య నా పేరు ఎన్నడూ పలకలేదు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పిందట. పేరే కాదు, తవుడు అనే మాట కూడా ఆమె నోట రాలేదు. హేచరీలో తవుడు, బెల్లం కలిపి పులియబెట్టి ట్యాంకుల్లో పోస్తారు. రోజూ కావలసిన సరుకు. ఆమె దాన్ని మెత్తపొట్టు అనేది. ఆమె కింద పదహారు మంది ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్లూ మెత్తపొట్టు అనడం మొదలుపెట్టారు. స్టోరు రిజిస్టరులోకి కూడా అదే ఎక్కింది.

కొత్తగా వచ్చిన మేనేజరు జోగారావు ఒక రోజు రిజిస్టరు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

"మెత్తపొట్టు ఏమిటి? మనం కొన్న సరుకులో ఎక్కడా లేదే!"

నూకాలు నవ్వు ఆపుకోలేకపోయింది. నా భార్య పక్కనే పనిచేసే మనిషి, చెల్లెలి వరస. "అది మా అక్క మొగుడి పేరు బాబూ. నోట్లోంచి రానీదు."

"నాయుడి పేరా?" జోగారావుకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత నా వైపు తిరిగాడు. "ఓయ్, నీ పెళ్లాం నిన్ను గోనెసంచిలో కట్టి స్టోర్లో పెట్టించిందయ్యా!"

"సంచి మూతి కట్టనేదు బాబూ," అంది నా భార్య, బీకరు మీంచి కళ్లు తిప్పకుండానే. "కడితే ఆరికి ఊపిరాడదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె పని ఆ బీకరు. పొద్దున్నే ఒక్కో ట్యాంకులోంచి గాజు బీకరుతో నీళ్లు ముంచి కిటికీ వెలుగుకు పట్టి చూసేది. సూది మొనంత పిల్లలు. వాటి కడుపులో గీత నిండుగా ఉందా, తెగిందా, తోక ఎటు కొడుతున్నాయి. అంతే. "ఏడో ట్యాంకు రేపటికి పోద్ది" అంటే పోయేది. ల్యాబు రిపోర్టు సాయంత్రం వచ్చి అదే మాట చెప్పేది. ఆమె మాట విని పొద్దున్నే మందు వేస్తే ట్యాంకు దక్కేది. అదెలా తెలుస్తుందో ఆమెకూ చెప్పడం రాదు. నేర్పిద్దామని చూసింది. ఎవరికీ రాలేదు.

కంపెనీకి అదే భయం పట్టుకుంది. ఈ మనిషి లేకపోతే ఎలా?

జోగారావు దగ్గర పసుపు ఫైలు ఒకటి ఉండేది. ఆపద వస్తే వ్యాపారం ఎన్నాళ్లలో లేవాలి, ఏది ముందు లేవాలి, ఏది కొన్నాళ్లు లేకపోయినా ఫరవాలేదు, ఇవన్నీ అందులో ఉండేవి. ఆఫీసు కంప్యూటర్లలో ఉన్నదంతా మూడు చోట్ల దాచేవారు. ఒకటి హేచరీలో, ఒకటి విశాఖలో, ఒకటి హైదరాబాదులో. సముద్రం వచ్చి హేచరీని తీసుకుపోయినా హైదరాబాదుది మిగులుతుంది. అంతవరకు నాకూ నచ్చింది. మా జనరేటర్లు కూడా రెండు. ఒకటి ఆగితే ఇంకొకటి.

ఆ ఏడాది మనుషుల్ని కూడా అలా దాచే యంత్రం వచ్చింది. పసుపు ఫైల్లో మొదటి పేరు నా భార్యది.

విశాఖలో ఒక అద్దాల మేడ. పదకొండు రోజులు వెళ్లాం. ఆమె తలకు టోపీలాంటిది పెట్టి కూర్చోబెట్టేవారు. తెర మీద ట్యాంకులు, పిల్లలు, మందులు చూపిస్తుంటే ఆమె చూడాలి, చెప్పాలి. టోపీ తీసుకోవాల్సింది తీసుకునేది. దగ్గరుండి చేయించిన అమ్మాయి ప్రణతి, ఇంజనీరు. మంచి పిల్లలాగే ఉండేది. ఆ మాట వెనక్కి తీసుకోను. మంచితనంతో పని జరగదని మాత్రం అంటాను.

చివరి రోజు మనుషుల వంతు.

"ఒక్కొక్కరిని తలుచుకుని పేరు చెప్పండమ్మా," అంది ప్రణతి. "పేరు కొక్కెం లాంటిది. ఆ మనిషి జ్ఞాపకాలన్నీ మెషిన్ దానికి తగిలిస్తుంది."

"కొక్కెం నేకపోతే?"

"కింద పడిపోతాయి," అని నవ్వింది ప్రణతి.

నా భార్య మూడు వందల పేర్లు చెప్పింది. వాళ్ల నాన్న, అమ్మ, మేనమామలు, నూకాలు, జోగారావు, చేపల మార్కెట్టులో ఐసు అమ్మేవాడు. చిన్నప్పుడు చచ్చిపోయిన మేకపిల్ల పేరు కూడా చెప్పింది. చివరికి ప్రణతి నా వైపు చూపించింది.

"మీవారు?"

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరేనండి."

"ఆరు అంటే?"

"ఆరే. ఈయన."

"పేరు చెప్పాలమ్మా."

"సెప్పకూడదండి. మీరే రాసీసుకోండి."

"మీ నోటితో చెప్తేనే తీసుకుంటుందమ్మా. ఒక్కసారి. మెల్లగా చెప్పండి."

"ఒక్కసారైనా ఆయుష్షు ఆయుష్షే కదండి."

అప్పుడు నేను మాట్లాడాను. నా తప్పు ఇక్కడ ఉంది, దాన్ని ఎవరి మీదా పెట్టను. "వదిలేయండమ్మా," అన్నాను. "ఇన్నేళ్లలో నాకే చెప్పలేదు, మీ మెషిన్‌కి చెబుతుందా?" ఆ మాట అన్నప్పుడు నాకు గర్వంగా ఉంది.

ప్రణతి కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. పేరు ఉండాల్సిన గడిలో 'ఆయన' అని కొట్టింది. పచ్చ దీపం వెలిగింది.

"అయిపోయిందండి. పచ్చ దీపం వస్తే మొత్తం ఎక్కినట్టే."

"నడిపి చూశారా?" అని అడిగాను.

"అంటే?"

"మళ్లీ మనిషిలోకి ఎక్కించి, సరిగా వచ్చిందో లేదో చూశారా?"

"సరిపోల్చామండి. అక్షరం తేడా లేదు."

"సరిపోల్చడం వేరు, నడపడం వేరు." జనరేటర్ సంగతి చెప్పాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు నవ్వారు.

"బాగున్న మనిషి మీద నడిపి చూడలేం కదండీ," అంది ప్రణతి మర్యాదగానే.

అదీ నిజమే అనిపించింది. ఊరుకున్నాను. నాకు నకలు తీయలేదు. జనరేటర్ మనిషి ఎక్కడైనా దొరుకుతాడని ఫైల్లో ఉంది.

ఏడు నెలలకు తుఫాను హెచ్చరిక వచ్చింది. ముందు రోజు బస్సు వచ్చింది. పదిహేను మంది ఆడవాళ్లు ఎక్కారు. నూకాలు ఎక్కనని మొండికేసింది, నా భార్య తిట్టి ఎక్కించింది. నా భార్యను మాత్రం ఉండమన్నారు. ట్యాంకుల్లో పిల్లలు అమ్మకానికి ఇంకో నాలుగు రోజులే. ఆఖరి దాకా చూసే మనిషి కావాలి.

"పోయినసారి అందర్నీ పంపారు కదా," అన్నాను జోగారావుతో.

అతను పసుపు ఫైలు తీసి వేలుపెట్టి చూపించాడు. "ఇది నా సొంత నిర్ణయం కాదయ్యా. ఇందులో ఉంది చూడు." చూశాను. నష్టపోతే మళ్లీ తెచ్చుకోలేనివి ముందు తరలించాలి. నకలు ఉన్నవి చివర. తల్లి రొయ్యలు విదేశం నుంచి విమానంలో తెచ్చినవి, వాటికి నకలు లేదు. మొదటి వరసలో ఉన్నాయి. నా భార్య పేరు చివరి వరసలో ఉంది. ఎదురుగా 'నకలు కలదు' అని అచ్చు వేసి ఉంది.

తల్లి రొయ్యల్ని వ్యానులో విశాఖ పంపాలి. దారిలో గాలి ఆగకుండా చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే.

ఆమె వ్యాను దాకా వచ్చింది. రెండు గిన్నెల క్యారియరు నా చేతిలో పెట్టింది. రోజూ ఒంటిగంటకు ఆ క్యారియరు తీసుకుని జనరేటర్ గదికి వచ్చేది. ఒక గిన్నె నాకు, ఒకటి తనకు. ఆ రోజు రెండూ నాకే ఇచ్చింది.

"నీకో?"

"నాను వొండుకుంటాను. ఎల్లండి, ఎల్లండి. ఆ రొయ్యమ్మలకి ఆలస్యమైపోతంది." నవ్వుతోంది. "గాలి ఎక్కువైపోతే కంపెనీ జీపులో వొచ్చేస్తానని సెప్పినాను కదా."

జీపు రాలేదు. దారిలో చెట్టు పడిందన్నారు. మర్నాడు మూడు గంటలకు షెడ్డు కప్పు లేచిపోయింది. కడ్డీ తగిలి ఆమె తొమ్మిదో ట్యాంకులో బోర్లా పడింది. కాపలా మనిషి బయటికి తీసేసరికి ఊపిరి లేదు. నొక్కి నొక్కి ఊపిరి తెప్పించాడు. అతను చేయాల్సింది అతను చేశాడు.

తల్లి రొయ్యలు ఒక్కటీ చావలేదు. నేనూ చేయాల్సింది చేశాను.

ఆసుపత్రిలో ఆమె కళ్లు తెరిచేది, మూసేది. చేతిలో పెట్టింది పట్టుకునేది. అంతకుమించి ఏమీ లేదు. లోపల ఖాళీ అయిపోయిందన్నాడు డాక్టరు. కంపెనీ వాళ్లు రెండో రోజు టోపీతో వచ్చారు. నా సంతకం కావాలన్నారు.

"మొత్తం వస్తుందా?" అని ప్రణతిని అడిగాను.

"వస్తుందండి."

సంతకం పెట్టాను. ఆమె కోసం పెట్టాను. వాళ్లు తమ ట్యాంకుల కోసం పెట్టించుకున్నారు.

పసుపు ఫైల్లో జ్ఞాపకాలకు కూడా తరగతులు ఉన్నాయని నాకు అప్పుడు తెలియదు. పనికి సంబంధించినవి, పనిలో మనుషులు, వాళ్ల పేర్లు, చిన్నప్పటి చదువు, భాష ఇవి మొదటి తరగతి. నాలుగు రోజుల్లో ఎక్కాలి. మిగిలినవి వీలు చూసుకుని.

నాలుగో రోజు పొద్దున్న ఆమె లేచి కూర్చుంది. మంచం చుట్టూ జోగారావు, ప్రణతి, డాక్టరు, నూకాలు, నేను. ఆమె గదంతా చూసింది.

"నాలుగో ట్యాంకు నీళ్లు మార్సినారేటి?"

జోగారావు చప్పట్లు కొట్టాడు. ప్రణతి కళ్లు తుడుచుకుంది. నూకాలు బావురుమంది.

"ఏటే నూకాలూ ఆ ఏడుపు? నాను సచ్చిపోనానేటి?" అంది నా భార్య. అదే గొంతు. అదే విసురు. గోడకు ఆనుకున్నాను. తర్వాత ఆమె అడిగింది.

"తవుడు నానేసినారా?"

నూకాలు ఏడుపు ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది. గదిలో ఇంకెవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందంటే ఆ తలలో నేను లేను.

అప్పుడు ఆమె నన్ను చూసింది. మంచానికి కట్టిన అట్ట మీద రోగి తాలూకు మనిషి పేరు రాసి ఉంది. అది చదివింది. నా పేరు మొత్తం, ముందు నుంచి చివరి దాకా, చక్కగా పలికింది. చివర 'గారూ' చేర్చింది.

"మీరు కొంచెం బయట నిలబడతారేటండి? సీర సరిజేసుకోవాల."

పెళ్లయిన ఇరవై రెండో ఏడు నా భార్య నోట నా పేరు విన్నాను. బయటికి వెళ్లి నిలబడ్డాను.

నెల తిరక్కుండా ఆమె పనిలో చేరింది. ట్యాంకులు నిలబడ్డాయి. ఫైలు మీద 'పునరుద్ధరణ పూర్తి' అని ముద్ర వేశారు. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి జోగారావుకు శాలువా కప్పారు.

ఇంటికి మాత్రం ఆమె రాలేదు. పెళ్లి ఫొటో తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది నానే. ఒప్పుకుంటాను. మీరు అబద్ధం సెప్తన్నారని అనడం నేదు," అంది. "కానీ నాకు తెలీదు కదండి. ఎరగని మగోడింట్లో ఎలాగుంటాను? మీరే సెప్పండి."

ఆమె చెప్పింది నిజం.  ఆమె నూకాలు వాళ్లింట్లోనే ఉండిపోయింది. మాకు పిల్లలు లేరు. నాకూ ఆమెకూ మధ్య గడిచినవాటికి సాక్షి ఎవరూ లేరు, నేను తప్ప.

నూకాలు ఇంటి వరండాలో కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాను. పెళ్లిలో వాన పడి పందిరి కూలడం, మేము కొన్న గేదె మొదటి రోజే పారిపోవడం. శ్రద్ధగా వినేది. ఎవరి కథో విన్నట్టు వినేది. "పాపం," అనేది. ఆ మాట విన్నాక చెప్పడం మానేశాను.

ఆమె తల నన్ను ఎరగదు. చేతులు మరిచిపోలేదు. పొద్దున్నే ఇద్దరికి సరిపడా వండేది. నూకాలుకు విడిగా పెట్టాక కూడా క్యారియరులో రెండు గిన్నెలు సర్దేది. ఒంటిగంటకు ఒక గిన్నె తిని, రెండోది ముందు పెట్టుకుని కూర్చునేది. శుక్రవారం నేను మెయిన్ దించే వేళకు జనరేటర్ గది బయటికి వచ్చి నిలబడేది.

"ఏం కావాలమ్మా?" అని అడిగాను ఒకసారి. సొంత పెళ్లాన్ని అమ్మా అని పిలిచాను.

"తెలీదండి. కాళ్లు తీసుకొచ్చీసినాయి." ఆమె నుదురు నొక్కుకుంది. "ఇక్కడ ఏదో ఉండాల. ఏటో తెలవడం నేదు."

ఆమెకు నిద్ర కరువైంది. తలపోటు మొదలైంది. ఫిట్స్ వచ్చాయి. ఒళ్లు ఒకదాన్ని వెతుకుతోంది, మెదడులో అది దొరకడం లేదు, ఆ లాగుడు ఆగితే తప్ప తగ్గదన్నాడు డాక్టరు. జోగారావు దగ్గరికి వెళ్లాను.

"మిగిలింది ఎక్కించండి."

"మిగిలింది ఏమీ లేదయ్యా. ఏ లెక్కన చూసినా పచ్చ దీపమే."

"ఒకసారి తెరిచి చూడండి."

"చూశారయ్యా వాళ్లు. నీ బాధ నాకు అర్థమైంది. కొత్తగా పరిచయం చేసుకో, కాలం గడిస్తే అలవాటవుతుంది."

కాగితం మీద రాసి రెండుసార్లు ఇచ్చాను. రెండోదానికి జవాబు వచ్చింది. నకలు సమగ్రంగా ఉన్నట్టు ధ్రువీకరించడమైనది అని ఒక్క వాక్యం. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

తొమ్మిదో నెలలో, మంగళవారం, ఒంటిగంటకు, జనరేటర్ గది మెట్ల మీద ఆమె పడిపోయింది. చేతిలో క్యారియరు ఉంది. నేను ఎత్తుకున్నాను. నా ముఖం చూస్తూనే పోయింది. అప్పుడూ నేను ఎవరో తెలియదు.

ఆడవాళ్లు బొట్టు పెట్టి గాజులు వేసి ముత్తైదువలా సాగనంపారు. మొగుడు ఉన్నాడని తెలియని మనిషిని. ఆయుష్షు తగ్గుతుందని నా పేరు చెప్పలేదు ఆమె. నా ఆయుష్షు తగ్గలేదు.

పదకొండో రోజు కాకముందే హేచరీ కంట్రోల్ గదిలో ఆమె నకలు ఎక్కించిన ఒక పెట్టె పెట్టారు. పెట్టెకు కెమెరా. ఎవరైనా బీకరు దాని ముందు పట్టి చూపిస్తే ఆమె గొంతుతో జవాబు వస్తుంది. ఆమె అవసరం కూడా లేకుండా పోయింది. నేను పని మానేశాను.

రెండు నెలలు గడిచాక ఒక రోజు పదకొండు గంటలకు ప్రణతి మా ఇంటికి వచ్చింది. కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడింది.

"పెట్టె రోజూ ఒంటిగంటకు ఆగిపోతోందండి. నలభై నిమిషాలు జవాబు ఇవ్వదు. రెండు ట్యాంకులు పోయాయి. ఎందుకో తెలుసుకుందామని మొత్తం తెరిచాం." ఫోనులో ఒక లెక్క తీసి చూసింది. "పేరు లేని జ్ఞాపకాలు ఒక మూల పడి ఉన్నాయి. 'ఆయన' అన్న మాట మెషిన్‌కి పేరు కాదండి, ఎవరైనా కావచ్చు. అందుకని దేనికీ తగిలించలేదు. నలభై ఒక్క వేల రెండు వందల ఆరు."

"ఎప్పటినుంచి ఉన్నాయి?"

"మొదటి నుంచీ."

"ఆమె బతికి ఉన్నప్పుడు కూడా."

"అవునండి."

"నేను తెరిచి చూడమన్నాను."

"మొదటి తరగతి ఎక్కితే పని పూర్తయినట్టని ప్రణాళికలో ఉంది. మూలనున్నవి ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు."

"తెరిచి ఉంటే ఎంతసేపు పట్టేది? ముడి వేసి ఆమెకు ఎక్కించడానికి?"

ప్రణతి గుమ్మం వైపు చూసింది.

"ఎంతసేపమ్మా?"

"అరగంట," అంది.

నా శుక్రవారం అరగంట.

ప్రణతి ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఓదార్చలేదు. వచ్చిన పని చెప్పమన్నాను. చెప్పింది. ఆ నలభై ఒక్క వేలలో అన్నిట్లోనూ నా గొంతు ఉందట. నా గొంతుతో నా పేరు వినిపిస్తే తప్ప ముడి పడదట. కాగితాల్లో ఉన్న పేరు కొట్టి చూశారు, తీసుకోలేదు. వేరేవాళ్ల చేత చెప్పించారు, తీసుకోలేదు.

"మీరు ఒక్కసారి చెప్తే చాలండి. ఆవిడ మిమ్మల్ని గుర్తుపడతారు. మీతో మాట్లాడతారు."

వెళ్లాను. వెళ్లకూడదనే అనుకున్నాను, కాళ్లు తీసుకెళ్లాయి.

కంట్రోల్ గదిలో జోగారావు ఉన్నాడు. పసుపు ఫైలు అతని చేతిలో ఉంది. నూకాలు బీకరు పట్టుకుని పెట్టె ముందు నిలబడింది. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ.

"రా నాయుడూ, రా. ఒక్క మాటే కదయ్యా. నీ పేరు నువ్వు చెప్పుకోవడం. ఇటు మాకు పని జరుగుతుంది, అటు నీకు మనిషి దక్కుతుంది."

"నూకాలూ, ఎవరొచ్చినారే?" అంది పెట్టె.

ఆమె గొంతు. ఊపిరి తీసే చోట కూడా అలాగే తీసింది. నా ఒంట్లో ప్రతి ఎముకా జవాబు చెప్పమంది. నేను పేరు చెబితే ఆ పెట్టె వెంటనే 'ఏటండీ' అంటుందని నాకు తెలుసు. అన్నం తిన్నారా అంటుంది. గేదె పారిపోయిన సంగతి దానికి గుర్తొస్తుంది. తొమ్మిది నెలలు నేను వరండాలో కూర్చుని అడుక్కున్నది అదే.

నూకాలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కనిపించీ కనిపించనట్టు.

ఒంటిగంట అయింది.

"ఆరో ట్యాంకు బాగానే..." అని పెట్టె ఆగింది. కాసేపటికి, "అన్నం," అంది. మళ్లీ ఏమీ లేదు. దీపం పచ్చగానే వెలుగుతోంది.

"చూశావా," అన్నాడు జోగారావు. "ఇదీ రోజూ గోల. చెప్పవయ్యా. ఏమిటి నీకు కష్టం?"

ఈ కంపెనీకి ఆమె అన్నీ ఇచ్చింది. కళ్లు ఇచ్చింది, చేతులు ఇచ్చింది, వాళ్ల నాన్న పేరు, చచ్చిన మేకపిల్ల పేరు ఇచ్చింది. ఒక్కటి ఇవ్వలేదు. పమిట నోటికి అడ్డం పెట్టుకుని దాచుకుంది. బతికున్న ఆమెకు అరగంట ఇవ్వనివాళ్లు, రెండు ట్యాంకులు పోయేసరికి ఆ ఒక్కదాని కోసం నన్ను పిలిచారు. ఆమె ఇవ్వనిది నేను ఇస్తే, ఆమె దగ్గర ఇంక వాళ్లు తీసుకోనిది ఏదీ మిగలదు.

నేను నోరు తెరవలేదు. ఆ గదిలో దగ్గు కూడా రానివ్వలేదు. జోగారావు చేతిలోంచి ఫైలు తీసుకున్నాను. అట్ట మీద, 'పునరుద్ధరణ పూర్తి' అన్న ముద్ర కింద, 'చెప్పను' అని రాశాను. తెలుగులో, పెద్ద అక్షరాలతో. బయటికి వచ్చేశాను.

వెనక నుంచి జోగారావు ఏదో అరుస్తున్నాడు. పెట్టె ఒంటిగంట మౌనంలోనే ఉంది.

ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. రోజుకో కొత్త నంబరు. "హలో, ఎవరు మాట్లాడుతున్నారండీ? మీ పేరు చెప్తారా?" అని. పెట్టేస్తాను. రేషన్ డీలరు దగ్గర కూడా పేరు నోటితో చెప్పను, కార్డు చూపిస్తాను. ఊళ్లో నాకు పిచ్చి పట్టిందంటున్నారు. అననివ్వండి. పెట్టె ఇంకా రోజూ ఒంటిగంటకు ఆగిపోతోందని నూకాలు వచ్చి చెప్పింది. ఆగనివ్వండి.

ఇదంతా కాగితం మీద పెట్టాను, నోటితో ఎవరికీ చెప్పలేదు. అచ్చు వేసేవాళ్లు వేసుకోండి. దీని గురించి నన్ను అడగడానికి ఎవరూ రావద్దు. వచ్చినా తలుపు తీస్తాను, మంచినీళ్లు ఇస్తాను. ఆమె గురించి గానీ, నా పేరు గురించి గానీ ఈ నోట మళ్లీ ఒక్క మాట రాదు.